గులాబీ రిబ్బన్ నుంచి పరీక్ష గది దాకా

అక్టోబరు వచ్చిందంటే హైదరాబాద్‌లో గులాబీ రంగు కనిపించడం మొదలవుతుంది. చార్మినార్ లాంటి కట్టడాలకు ఆ రంగు లైట్లు వేస్తారు. ఆదివారం పొద్దున్నే గులాబీ టీషర్టులతో నడకలు, పరుగులు పెడతారు. కాలేజీల్లో రిబ్బన్ బ్యాడ్జీలు పంచుతారు. ఆన్‌లైన్‌లో మగ్గులు, నీళ్ల సీసాలు, కీ చైన్లు, లిప్‌స్టిక్‌లు అమ్మకానికి వస్తాయి. వాటి మీద ఇంచుమించు ఒకే మాట ఉంటుంది: మీరు పెట్టే డబ్బులో కొంత భాగం రొమ్ము క్యాన్సర్ అవగాహనకు వెళ్తుంది.

కొనేవాళ్లది మంచి మనసే. చాలామంది ఇంట్లోనో, తెలిసినవాళ్లలోనో ఎవరో ఒకరిని ఈ జబ్బుకు పోగొట్టుకుని ఉంటారు, ఆ బాధతోనే కొంటారు. అందుకే ఆ వస్తువును కాస్త నిలదీసి అడగాలి. ‘కొంత భాగం’ అంటే ఎంత? ‘అవగాహన’ అంటే దేని గురించి? ఆ వస్తువు పుణ్యాన ఒక ఆడమనిషి గడ్డ ఇంకా చిన్నగా ఉన్నప్పుడే పరీక్ష గదిలోకి అడుగుపెట్టిందా? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మొదటి రెండింటికి ఎంత చక్కని జవాబు ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రిబ్బన్ పుట్టుక దగ్గర నుంచే ఈ గొడవ ఉంది. అది మొదట గులాబీ రంగులో లేదు. 1990ల మొదట్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే పెద్దావిడ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని పీచ్ పండు రంగు రిబ్బన్లు తయారుచేసేవారు. ఆవిడ అవ్వకు, తోబుట్టువుకు, కన్నకూతురికి, ముగ్గురికీ రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఒక్కో కార్డుకు ఐదు రిబ్బన్లు గుచ్చి, షాపుల దగ్గర తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ ఇచ్చేవారు, పేరున్న ఆడవాళ్లకు పోస్టులో పంపేవారు. కార్డు మీద ఉన్నది ఇది: ప్రభుత్వ సంస్థ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఏడాది బడ్జెట్ 180 కోట్ల డాలర్లు, అందులో క్యాన్సర్ నివారణకు వెళ్లేది 5 శాతమే, ఈ రిబ్బన్ పెట్టుకుని మన చట్టసభల వాళ్లను నిద్ర లేపండి.

1992లో సెల్ఫ్ అనే పత్రిక, ఎస్టీ లాడర్ అనే సౌందర్య సామగ్రి కంపెనీ ఆ రిబ్బన్‌ను పెద్ద ఎత్తున పంచుదామని ముందుకొచ్చాయి. ఇది వ్యాపారం అయిపోతుందని హేలీ ఒప్పుకోలేదు. పత్రిక వాళ్లు లాయర్లను సంప్రదించి రంగు మార్చారు. అలా గులాబీ రిబ్బన్ వచ్చింది. ఆ శరదృతువులోనే ఎస్టీ లాడర్ కౌంటర్ల నుంచి 15 లక్షల రిబ్బన్లు జనంలోకి వెళ్లాయి. ‘రొమ్ము క్యాన్సర్’ అనే మాట బయటికి అనడానికే జంకే రోజుల్లో దాన్ని ఇంటింటి మాట చేసిన ఘనత ఈ రిబ్బన్‌కు దక్కాల్సిందే. అయితే హేలీ కార్డు మీదున్న బడ్జెట్ లెక్క మాత్రం రంగుతో పాటే పోయింది. రిబ్బన్ పెట్టుకున్నవాళ్లు ప్రభుత్వాన్ని ఏదైనా అడగాలన్న ఆలోచన పక్కకు జరిగి, వస్తువు కొంటే చాలు సాయం చేసినట్టే అన్న భావన ఆ చోటికి వచ్చి కూర్చుంది.

సరే, డబ్బు సంగతి చూద్దాం. అమెరికాలో ఇంచుమించు ఒకే కాలంలో మొదలైన రెండు పథకాలను పక్కపక్కన పెడితే తేడా బాగా తెలుస్తుంది.

మొదటిది యోప్లే అనే పెరుగు కంపెనీది. గులాబీ మూతలున్న పెరుగు కప్పులు అమ్మేవారు. తిన్నాక మూత కడిగి, కవర్లో పెట్టి, స్టాంపు అంటించి కంపెనీకి పంపితే ఒక్కో మూతకు 10 సెంట్లు రొమ్ము క్యాన్సర్ సంస్థకు ఇస్తామనేవారు. ఒక మనిషి రోజుకు మూడు కప్పుల చొప్పున నాలుగు నెలలు మానకుండా తింటే 360 మూతలు, అంటే 36 డాలర్లు. ఆ పెరుగుకు పెట్టే డబ్బులో కొంచెం నేరుగా సంస్థకు పంపినా అంతకంటే ఎక్కువే చేరుతుంది. పైగా ఇలాంటి పథకాల్లో మామూలుగా గరిష్ఠ పరిమితి ఒకటి ఉంటుంది. కంపెనీ ఇవ్వదలచిన మొత్తం ముందే ఖాయమైపోతుంది. అది దాటాక మూతలు ఎన్ని పంపినా కొత్తగా పైసా రాలదు, కానీ పంపేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

రెండోది ఒక తపాలా బిళ్ల. శాక్రమెంటోలో ఎర్నీ బొడాయ్ అనే సర్జన్ పట్టుబట్టి చట్టసభ సభ్యుల చుట్టూ తిరగడంతో 1997లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 1998 జులైలో స్టాంపు వచ్చింది. అప్పట్లో మామూలు ఉత్తరానికి 32 సెంట్ల స్టాంపు సరిపోయేది. ఇది 40 సెంట్లు. తేడా 8 సెంట్లు. ఆ తేడాలో తపాలాశాఖకు అయిన అదనపు ఖర్చు పోగా మిగిలింది ఎలా పంచాలో చట్టంలోనే రాశారు: 70 శాతం జాతీయ ఆరోగ్య సంస్థలకు, 30 శాతం రక్షణశాఖ నడిపే వైద్య పరిశోధనకు. పరిమితి లేదు, కడిగి పంపాల్సిన మూత లేదు. ఉత్తరం ఎలాగూ వేయాలి, స్టాంపు ఎలాగూ కొనాలి. ఇప్పటిదాకా వంద కోట్లకు పైగా స్టాంపులు అమ్ముడై, 9 కోట్ల డాలర్లకు పైగా పోగయ్యాయి.

ఆ డబ్బు ఎటు వెళ్లిందో కూడా చెప్పుకోవచ్చు. అందులో కొంత టైలర్‌ఎక్స్ అనే పెద్ద పరిశోధనకు వెళ్లింది. పదివేల మందికి పైగా మహిళలు పాల్గొన్న ఆ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. హార్మోన్లకు స్పందించే రకం క్యాన్సర్ తొలిదశలో ఉండి, చంకలోని గ్రంథులకు పాకని వాళ్లలో చాలామందికి ఆపరేషన్ తర్వాత కీమో అవసరం లేదని, హార్మోన్ మాత్రలు సరిపోతాయని తేలింది. జుట్టు రాలడం, వాంతులు, నెలల తరబడి నీరసం, అన్నీ తప్పాయి ఎందరికో. ఉత్తరం మీద అదనంగా పెట్టిన 8 సెంట్లకు ఇందులో వాటా ఉంది. నిధుల కోసం అమ్మే వస్తువు ఎలా ఉండాలో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

వీటికి భిన్నంగా, 2010లో కేఎఫ్‌సీ గులాబీ బకెట్లలో వేయించిన చికెన్ అమ్మి, బకెట్‌కు 50 సెంట్ల చొప్పున రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసే సుసాన్ జి. కోమెన్ సంస్థకు ఇచ్చింది. 40 లక్షల డాలర్లు దాటి వచ్చాయి. డబ్బు నిజంగానే చేరింది. కానీ మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) తర్వాత ఒళ్లు పెరగడం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే కారణాల్లో ఒకటి కాబట్టి, ఇదేం జోడీ అని జనం గట్టిగానే అడిగారు. ఇలాంటి ప్రశ్నలు అడగడం నేర్పడానికే బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అనే సంస్థ 2002లో ‘గులాబీ కొనేముందు ఆలోచించండి’ అంటూ ప్రచారం మొదలుపెట్టింది.

మన దగ్గర కొనేవాళ్లు చూడాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. ఒక్కో వస్తువుకు ఇన్ని రూపాయలు అని రాశారా, లేక ‘కొంత’ అని వదిలేశారా? డబ్బు అందుకునే ట్రస్టు పేరు ఉందా? ఆ పేరుతో వెతికితే వార్షిక నివేదిక, ఆడిట్ లెక్క దొరుకుతాయా? ఇంకో విషయం చాలామందికి తెలియదు. వస్తువు కొనడం విరాళం కిందికి రాదు, అందుకని కొన్నవాళ్లకు విరాళాల మీద ఇచ్చే 80జీ పన్ను మినహాయింపు దక్కదు. అదే 500 రూపాయలు 80జీ నమోదు ఉన్న ఆసుపత్రి ట్రస్టుకు నేరుగా పంపితే మొత్తం అక్కడికే వెళ్తుంది, విరాళం ధ్రువపత్రం కూడా మీ పేరునే వస్తుంది. టీషర్టు నచ్చితే వేసుకోండి, తప్పులేదు. దాన్ని దానంగా లెక్కేయకుండా ఉంటే చాలు.

ఇక అవగాహన విషయం. గులాబీ వస్తువులతో పాటు ఒక కార్డు ఇస్తారు, స్నానాల గదిలో తగిలించుకోమని. నెలకోసారి ఎవరి రొమ్ములు వాళ్లే పరీక్షించుకోవడం ఎలాగో అందులో బొమ్మలు ఉంటాయి. ఇది ప్రాణాలు కాపాడుతుందని ఎన్నో ఏళ్లు అందరూ నమ్మారు. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది మహిళలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి స్వీయ పరీక్ష నేర్పి, పదే పదే గుర్తుచేసి, పదేళ్ల పాటు గమనించారు. 2002లో ఫలితం వచ్చింది. నేర్చుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 135, నేర్చుకోనివాళ్లలో 131. క్యాన్సర్ కాని గడ్డలకు అనవసరంగా పరీక్షకు ముక్క తీయించుకున్నవాళ్లు మాత్రం మొదటి వర్గంలో చాలా ఎక్కువ.

దీన్ని చూసి ఇక రొమ్ముల సంగతి పట్టించుకోనక్కర్లేదని అనుకుంటే పొరపాటు. ఆ మహిళలు పరీక్ష నేర్చుకోకపోయినా మార్పు వస్తే గమనించగలిగారు, గమనించాక పోవడానికి వాళ్లకు దగ్గర్లో వైద్యం ఉంది. తేదీ పెట్టుకుని చేసే తంతు కంటే, తన ఒంట్లో మామూలుగా ఏది ఎలా ఉంటుందో తెలిసి ఉండటం, తేడా కనిపిస్తే వెంటనే కదలడం, కదిలినచోట సరైన వైద్యం దొరకడం, ఈ మూడూ ముఖ్యం. ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నదీ ఇంచుమించు ఇదే. మన గులాబీ కార్డుల్లో మాత్రం ఇంకా పాత తంతే అచ్చవుతోంది.

మరి ఏది పనిచేస్తుంది? దీనికి మన దేశంలోనే, ముంబైలోనే చాలా విలువైన జవాబు దొరికింది. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు 1998లో మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,51,538 మంది మహిళలతో అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందికి రెండేళ్లకోసారి, నాలుగు విడతలు, చేతితో రొమ్ము పరీక్ష చేశారు. చేసినవాళ్లు డాక్టర్లు కారు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు. రొమ్మును ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ యంత్రం లేదు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. పరీక్ష జరిగిన వర్గంలో క్యాన్సర్ బయటపడినవాళ్లలో జబ్బు బాగా ముదిరి మూడు, నాలుగు దశల్లో ఉన్నవాళ్లు 37 శాతం, రెండో వర్గంలో 47 శాతం. మొత్తం మీద చూస్తే మరణాలు తగ్గిన మేర గణాంకాల పరంగా గట్టిగా నిలవలేదు, అంటే అది యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కావచ్చు. కానీ 50 ఏళ్లు, ఆ పైబడినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఆ పరీక్షలో పెద్ద హంగేమీ ఉండదు. తలుపు వేసిన గదిలో ముందు ఆమెను కూర్చోబెట్టి చూస్తారు: చేతులు కిందికి వదిలి ఒకసారి, నడుం మీద పెట్టుకుని ఒకసారి, పైకెత్తి ఒకసారి. రెండు వైపులా ఒకేలా కదులుతున్నాయా, ఎక్కడైనా చర్మం లోపలికి లాగినట్టుందా, చనుమొన కొత్తగా లోపలికి పోయిందా అని చూస్తారు. తర్వాత పడుకోబెట్టి, మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తడుముతారు. అదే చోట ముందు పైపైన, తర్వాత కొంచెం నొక్కి, తర్వాత పక్కటెముకలు తగిలేదాకా. మెడ ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా ఒక వరుస అయ్యాక పక్క వరుస. చివర్లో చంకలో, మెడ ఎముక పైన బిళ్లలేమైనా కట్టాయేమో చూస్తారు. కొన్ని నిమిషాల పని. పైట తీయాల్సి వస్తుందన్న బిడియాన్ని పోగొట్టే నర్సమ్మ ఉంటే చాలు.

మామోగ్రామ్ గొప్ప పరికరమే. చేతికి తగలనంత చిన్న మార్పును కూడా పట్టుకుంటుంది. అమెరికాలో 40 ఏళ్ల నుంచి రెండేళ్లకోసారి చేయించుకోమని 2024లో సలహా ఇచ్చారు. కానీ మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాల కంటే దాదాపు పదేళ్లు ముందే, నలభైలు, యాభైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండటం వల్ల మామోగ్రామ్‌లో గడ్డ తెల్లటి నేపథ్యంలో కలిసిపోయి దాక్కుంటుంది, అలాంటప్పుడు అల్ట్రాసౌండ్ అవసరమవుతుంది. ప్రతి మండలంలో యంత్రం, దాని ఫిల్మును చదవగల రేడియాలజిస్టు ఇప్పట్లో రావడం కష్టం. ఆ యంత్రం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదని ముంబై చెబుతోంది.

కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వయసున్న ప్రతి మహిళకూ ఐదేళ్లకోసారి ఇలా చేతితో పరీక్ష చేయాలి. కాగితం మీద బాగుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల మహిళలను అడిగితే, ఎప్పుడైనా ఒక్కసారైనా రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 0.9 శాతం. వందమందిలో ఒక్కరు కూడా లేరు. అదే దేశంలో 2022లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు 1,92,020 మంది అని, చనిపోయినవాళ్లు 98,337 మంది అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. 2010-14 మధ్య జబ్బు బయటపడినవాళ్లలో ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు అమెరికాలో 90 శాతం, మన దేశంలో 66 శాతం. రెండు చోట్లా దొరికే మందుల్లో తేడా ఉన్నమాట నిజమే, కానీ ఈ అంతరంలో పెద్ద వాటా ఆలస్యానిది.

ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతుందో మన ఇళ్లలో వినిపించే మాటలే చెబుతాయి. ‘నొప్పి లేదుగా, అదే పోతుందిలే.’ నిజానికి తొలిదశలో క్యాన్సర్ గడ్డ చాలామందిలో నొప్పి పుట్టదు, నొప్పి లేకపోవడం ధీమా ఇచ్చే విషయం కాదు. ‘పిల్ల పెళ్లి అయిపోనీ, చూపించుకుంటా.’ ‘ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుందట.’ ఈ చివరి మాట ఎంతమందిని నాటువైద్యం, పసరు పట్టీల వైపు నెట్టిందో లెక్కలేదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం వల్ల జబ్బు ముదరదు. ముక్క తీయకుండా అది ఏ రకమో తెలియదు, రకం తెలియకుండా ఏ మందు పనిచేస్తుందో చెప్పలేరు. ఇంకోమాట, రొమ్ములో గడ్డల్లో ఎక్కువభాగం క్యాన్సర్ కావు. ఈ మాట ప్రతి గులాబీ కార్డు మీదా పెద్దక్షరాల్లో ఉండాలి, ఎందుకంటే ఆడవాళ్లను ఆసుపత్రికి వెళ్లకుండా ఆపేది అజ్ఞానం కంటే భయమే ఎక్కువ.

వస్తువు తానే పాఠం చెప్పే పద్ధతులు లేకపోలేదు. 2017 జనవరిలో ఒక బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. గుడ్లు పెట్టుకునే అట్టపెట్టెలో పన్నెండు నిమ్మకాయలు. ఒకదానికి సొట్ట, ఒకదానికి తొడిమ దగ్గర లోపలికి లాగేసినట్టు గుంట, ఒకదాని మీద నారింజ తొక్కలా రంధ్రాలు, ఒకదాని మీద ఉబ్బిన నరం, ఒకటి ఎర్రబారి, ఒకటి నీరు కారుతూ, ఒకటి ఆకారం మారి. కోరిన్ బోమాంట్ అనే డిజైనర్ తయారుచేసిన ‘నో యువర్ లెమన్స్’ ప్రచారం అది. రొమ్ము బొమ్మ వేస్తే గోడకు అంటించనివ్వరు, మగవాళ్లున్న చోట చూపించలేరు. నిమ్మకాయకు ఆ అడ్డంకి లేదు. చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది, గడ్డ ఒక్కటే లక్షణం అనుకునేవాళ్లకు మిగతా పదకొండూ తెలుస్తాయి. వేర్వేరు సైజుల పూసలు గుచ్చిన కీ చైన్లూ ఇలాంటివే. ఏ సైజు గడ్డ మామోగ్రామ్‌లో దొరుకుతుంది, ఏ సైజు నర్సు చేతికి తగులుతుంది, ఏ సైజుకు గానీ అనుకోకుండా మన చేతికే తగలదు అనేది వేళ్లతో పట్టుకుని తెలుసుకోవచ్చు. రిబ్బన్ ముద్ర ఒక్కటే ఉన్న మగ్గు కంటే ఇది వందరెట్లు నయం. స్వయం సహాయక సంఘాల మహిళలే ఇలాంటి పూసల దండలు గుచ్చి అమ్మితే, కూలీ డబ్బు ఊళ్లోనే ఉంటుంది, మాటా ఊళ్లోనే తిరుగుతుంది.

వచ్చిన డబ్బు దేనికి పెట్టాలి అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన కార్యక్రమంలో మంచి దారి ఉంది. మూడు లక్ష్యాలు పెట్టారు: కనీసం 60 శాతం క్యాన్సర్లు ఒకటి, రెండు దశల్లోనే బయటపడాలి, మొదటిసారి చూపించుకున్న 60 రోజుల్లోపు జబ్బు ఏమిటో తేలాలి, కనీసం 80 శాతం మంది చికిత్స పూర్తిచేయాలి. వీటిలో రెండోదాన్ని మన జిల్లాల్లో ఊహించుకుంటే చాలు, డబ్బు ఎక్కడ కావాలో అర్థమవుతుంది. ఊళ్లో ఆశా కార్యకర్తకు చెప్పింది, ఆమె ఏఎన్ఎం (ఊరి నర్సు) దగ్గరికి పంపింది, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రి, అల్ట్రాసౌండ్‌కు వేరే తేదీ, ముక్క పరీక్షకు ఇంకో తేదీ, రిపోర్టుకు మళ్లీ ప్రయాణం. ప్రతిసారీ ఒకరోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్లదీ పోతుంది. రెండో తేదీకో మూడో తేదీకో ఆమె రావడం మానేస్తుంది, ఎందుకు రాలేదని అడిగే మనిషి ఉండరు. ఆపరేషన్‌కు, కీమోకు, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడానికి 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. ఆ చికిత్స గుమ్మం దాకా చేరేలోపు పోయే రోజు కూలికి, ఫోన్ చేసి ‘అమ్మా, రిపోర్టు వచ్చింది, రేపు రండి’ అనే మనిషి జీతానికి పథకం లేదు. గులాబీ టీషర్టుల డబ్బు ఈ ఖాళీలో పడాలి.

ఇది మన దగ్గర జరగని పనేమీ కాదు. 2007లో హైదరాబాద్‌లో మొదలైన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ గులాబీ వెలుగులతో, నడకలతో ఆగకుండా, రెండు తెలుగు రాష్ట్రాల గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలకు చేతితో చేసే రొమ్ము పరీక్షలో శిక్షణ ఇప్పించి, పేద మహిళలకు పరీక్షలు చేయించింది. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలుపెట్టి, మంగళవారాలను ఆడవాళ్ల పరీక్షలకే కేటాయించారు. వారంలో ఫలానా రోజు అక్కడ ఉండేదంతా ఆడవాళ్లే అని తెలిస్తే వచ్చేవాళ్లు పెరుగుతారు. గులాబీ బ్యాగు వెనకవైపు నినాదం బదులు ఆ జిల్లాలో ఏ రోజు, ఏ ఆసుపత్రిలో, ఎన్నో నంబరు గదిలో పరీక్ష చేస్తారో అచ్చు వేయించడానికి అదనంగా అయ్యే ఖర్చు ఏమీ లేదు.

ఒక సంగతి మాత్రం ఈ గులాబీ సంబరాల్లో ఎప్పుడూ వెనకబడుతుంది. ముందే కనిపెడితే జయించవచ్చు అన్న నినాదం నాలుగో దశలో ఉన్నవాళ్ల చెవికి మరోలా వినిపిస్తుంది, ఏదో తమ నిర్లక్ష్యం వల్లే ఇలా అయిందన్నట్టు. వాళ్లలో సమయానికే చూపించుకుని, చికిత్స పూర్తిగా చేయించుకుని, కొన్నేళ్లకు ఎముకల్లోనో ఊపిరితిత్తుల్లోనో జబ్బు తిరగబెట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. జబ్బు నయం కాకపోయినా మందులతో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ బతుకుతున్నవాళ్లూ ఉన్నారు. నడకల వేదికల మీద గెలిచినవాళ్లకు శాలువాలు కప్పుతారు, వీళ్లను పిలవరు. వసూలైన డబ్బులో వీళ్ల మందులకు, నొప్పి తగ్గించే వైద్యానికి ఇంత అని ముందే విడదీసి పెట్టాలి, వచ్చే అక్టోబరు నడకకు వీళ్లనూ పేరుపెట్టి పిలవాలి.